గడ్డి బాగా వచ్చింది

కెమెరా బీప్‌మంటే నేను ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తాను. పెళ్లిలోనో పుట్టినరోజు పండగలోనో పక్కవాడి కెమెరా ఆ చప్పుడు చేసినా సరే, అది దేని వైపు తిరిగి ఉందోనని చూస్తాను. లెన్స్ ఏదో ఒకదాని మీద ఫోకస్ కుదుర్చుకున్నానని చెప్పే చప్పుడది. దేని మీద కుదుర్చుకుందో మాత్రం చెప్పదు. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు సగం సర్వీసు పట్టింది. తెలిసిన తీరు తలుచుకుంటే, తెలియకుండా ఉన్నా బాగుండేదేమో అనిపిస్తుంది.

నా పేరు మస్తాన్. పోలీసు శాఖలో ఫోటోగ్రాఫర్‌గా అనకాపల్లిలోనూ చుట్టుపక్కలా పనిచేసి రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. నేరం జరిగిన చోట, ప్రమాదం జరిగిన చోట, గుర్తు తెలియని శవం దొరికిన చోట ఫోటోలు తీయడం నా ఉద్యోగం. ఇప్పుడు మా నాన్న వాచీలు బాగుచేసిన కొట్లోనే ఒక మూల కూర్చుంటున్నాను. కొత్తగా ఈ పనిలో చేరినవాళ్లు అప్పుడప్పుడు వస్తారు. ఏ లెన్స్ కొనాలి, ఏ కెమెరా మంచిది అని అడుగుతారు. ఏదైనా పరవాలేదని చెప్పి పంపేస్తాను. నిజంగా చెప్పాల్సింది టీ తాగే వ్యవధిలో చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ల గొడవలు మీకు అక్కర్లేదు. ఒక మనిషి చెయ్యి గురించి చెబుతాను.

చెయ్యి మరిచిపోయిన పని

నేను చేరిన రోజుల్లో మాది ఫిల్మ్ కెమెరా. దానికి ఆటో అన్న మాటే లేదు. లెన్స్ చుట్టూ ఉన్న రింగు తిప్పుకోవాలి, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో రెండుగా కనిపించేది ఒకటయ్యేదాకా చూసుకోవాలి, అప్పుడు నొక్కాలి. ఒక్కో రీలుకు ముప్పై ఆరే కాబట్టి ప్రతి నొక్కుకీ ముందు ఆలోచన ఉండేది. మా నాన్న కంట్లో భూతద్దం బిగించుకుని గడియారం పళ్లచక్రాలు సర్దడం చూస్తూ పెరిగినవాణ్ని. నెమ్మదిగా తిప్పడం నా వేళ్లకు కొత్తేమీ కాదు.

తరువాత డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరా వచ్చింది. మీట సగం నొక్కితే చాలు, దానంతటదే ఫోకస్ కుదుర్చుకుని బీప్. అంతే. సరిగ్గా అదే సమయానికి నాకు నలభై అయిదు దాటి దగ్గరి చూపు మందగించింది. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. కళ్లు కనిపించని ఫోటోగ్రాఫర్‌ను ఎవరుంచుకుంటారు? రికార్డు గదిలో కూర్చోబెడతారని భయం. కెమెరాయే అన్నీ చూసుకుంటుంటే నా కళ్లతో పనేముందని నాకు నేను ధైర్యం చెప్పుకున్నాను. అద్దాలు చేయించుకుని, పెట్టుకోకుండా ఆఫీసు బీరువాలో దాచాను.

కాలువ గట్టు

వేసవి మొదట్లో ఒకనాడు పొద్దున్న పది గంటలకు ఫోను వచ్చింది. మునగపాక వైపు చెరకు తోటల మధ్య కాలువలో మగ మనిషి శవం కొట్టుకొచ్చి గడ్డికి తట్టుకుని ఆగింది. ముప్పైకి కాస్త అటూ ఇటూ వయసు. రెండు రోజులు నీళ్లలో ఉన్నట్టుంది. ముఖం గుర్తుపట్టేలా లేదు. జేబులు ఖాళీ. గట్టు మీదికి లాగి తుంగగడ్డిలో పడుకోబెట్టారు.

ఎస్.ఐ. గారు చేతి గడియారం చూసుకుంటున్నారు.

"మస్తాన్ భాయ్, బేగి కొట్టెయ్. పన్నెండు గంటలకి నేను మీటింగులో ఉండాల."

నేను చుట్టూ తిరిగి తీశాను. ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు ఉంది. తెలుగు అక్షరాలు. దాని ముందుకు మోకాలి మీద వంగి, లెన్స్ దగ్గరగా పెట్టి సగం నొక్కాను. బీప్‌మంది. పూర్తిగా నొక్కాను. మూడు సార్లు అలాగే. వెనక తెర మీద చూశాను. ఎండ తెర మీద పడి ఏదో చెయ్యిలాంటిది కనిపించింది. పెద్దది చేసి చూడలేదు. చూసినా అద్దాలు లేకుండా నాకేం తెలుస్తుంది?

పక్కన హెడ్ కానిస్టేబుల్ పంచనామా రాస్తున్నాడు. పేరు అప్పారావు. మంచివాడు, నెమ్మదస్తుడు. తల ఎత్తకుండా అడిగాడు.

"సేతి మీద అక్షరాలేటి భాయ్?"

"ఫోటోలో ఉంటాయిలే, రాసుకో" అన్నాను.

అతను అలాగే రాశాడు. 'ఎడమ ముంజేతిపై తెలుగు అక్షరాల పచ్చబొట్టు. వివరం ఫోటోలో.'

ఆ అక్షరాలు నా కళ్లకు జానెడు దూరంలో ఉన్నాయి. చూశాను. చదవలేదు. చదవాల్సిన పని కెమెరాదనుకున్నాను. ఇంత సర్వీసులో నేను చేసిన తప్పులన్నీ ఒక పక్క, ఈ ఒక్కటీ ఒక పక్క.

శవపరీక్ష చేసిన డాక్టరు గారు ఒడిశా మనిషి. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. 'ప్రాంతీయ లిపిలో పచ్చబొట్టు' అని రాసి ఊరుకున్నారు. ఆయన తప్పేమీ లేదు. ఫోటోలు ఉన్నాయని ఆయనకూ చెప్పారు కదా.

మూడు రోజులు

ఆ సాయంత్రం ఆఫీసులో కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, తలుపు వేసి, అద్దాలు తీసి పెట్టుకుని చూశాను.

చేతికి ముందు రెండు తుంగపోచలు అడ్డంగా ఉన్నాయి. వాటి మీద నూగు కనిపిస్తోంది. ఒక పోచ కొస మీద నీటి బొట్టు, ఆ బొట్టులో ఆకాశం. అంత స్పష్టంగా ఉన్నాయి. వెనక చెయ్యి మాత్రం మసకగా, దాని మీద నీలిమందు పూసినట్టు నాలుగో అయిదో మరకలు. మూడు ఫోటోలూ అంతే. మూడు సార్లూ కెమెరా గడ్డిని పట్టుకుని, సంతోషంగా బీప్‌మంది.

అద్దాలు మళ్లీ బీరువాలో పెట్టేశాను.

ఇప్పుడు శ్రద్ధగా వినండి. ఫోకస్ తప్పడం ఎవరికైనా జరుగుతుంది. శవం ఇంకా మార్చురీలోనే ఉంది. ఎవరైనా వస్తారేమోనని మూడు రోజులు ఉంచుతారు. మా ఆఫీసు నుంచి అక్కడికి స్కూటరు మీద పది నిమిషాలు. వెళ్లి, రింగు తిప్పుకుని, ఇంకో ఫోటో తీసుకుని వస్తే అయిపోయేది. దానికి ఎస్.ఐ. గారి అనుమతి కావాలి. ఎందుకని అడుగుతారు. మొదటి ఫోటోలు పాడయ్యాయని చెప్పాలి. ఎందుకు పాడయ్యాయంటే కళ్ల సంగతి బయటికి వస్తుంది.

మొదటి రోజు, రేపు వెళ్దామనుకున్నాను. రెండో రోజు, ఎవరో ఒకరు వచ్చి బట్టలు చూసి గుర్తుపట్టేస్తారనుకున్నాను. మూడో రోజు ఫోను మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను. ఎవరూ రాలేదు. నాలుగో రోజు పొద్దున్న కాలువకు దగ్గరలో ఉన్న శ్మశానంలో పూడ్చిపెట్టేశారు. ఆ మాట విని, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కొంచెం ఊపిరాడింది.

ఒక్క పేరే తెలిసిన మనిషి

నెలన్నర గడిచింది. ఒక బుధవారం అప్పారావు ఫోను చేశాడు.

"భాయ్, కశింకోట నుంచి ఒకావిడ వచ్చింది. తమ్ముడు కనపడ్డంలేదట. కాలువ కేసు ఫోటోలు సూపించాల. ఓసారి రా."

కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లాను. నలభై ఏళ్ల మనిషి, చెరకు కోతకు వెళ్లే చేతులు, ఆకు కోసిన గీతలు మోచేతుల దాకా. పేరు నూకరత్నం. తమ్ముడి పేరు అప్పలరాజు. తాగుతున్నాడని తిట్టిందట. మాటా మాటా పెరిగి ఇంట్లోంచి వెళ్లిపోయాడు. ఫోను కలవడం లేదు. రెండు నెలలు కావస్తోంది.

బట్టలు చూపించారు. ఆమె చొక్కాను చాలాసేపు చేత్తో తడిమింది. "ఇలాటి సొక్కాలు ఆడికీ ఉన్నాయి. అందరికీ ఉంటాయి" అంది. తరువాత నా వైపు తిరిగింది.

"నాకు సదువు రాదు బాబూ. నా పేరొక్కటే వచ్చు. డ్వాక్రాలో సంతకం నేర్పేరు. మా అమ్మ పోయేక ఆడ్ని నేనే సాకేను. ఆడికి పదిహేనేళ్లప్పుడు నూకాలమ్మ తీర్థంలో సేతి మీద నా పేరు పొడిపించుకున్నాడు. ఆ పచ్చబొట్టోడు తప్పు పొడిసేడు. తా కింద కొక్కెం ఉండాల గదా, అది ఎయ్యలేదు. సంతకం నేర్సుకున్నాక నేనే కనిపెట్టేను. ఆడు నవ్వేసేడు, పోన్లే అప్పా, నీకు తెలుసు గదా అన్నాడు. అది సూసి సెప్పు బాబూ. కొక్కెం ఉందా, లేదా?"

నూకరత్నం. తమ్ముడి చేతి మీద నూకరతం. త అక్షరం కింద న వత్తు. ఆ ఒక్క వత్తు ఉందో లేదో చెబితే చాలు.

తెర మీద ఫోటో తెరిచాను. ఆమె ముందుకు వంగి, నీలిమరకల మీద వేలు పెట్టి, ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిపింది. ఆ వేలు ప్రతి మరక దగ్గరా ఆగింది. మళ్లీ మొదటికి వచ్చింది.

"పెద్దది సెయ్యి బాబూ."

చేశాను. మరక పెద్దదైంది.

"ఇంకా పెద్దది."

"ఇంతకన్నా రాదమ్మా" అన్నాను.

"ఈ గడ్డిపోస ఇంత బాగా కనపడతంది గదా" అంది. నిష్ఠూరంగా అనలేదు. నిజంగా అర్థం కాక అడిగింది.

తరువాత ప్రతి బుధవారం వచ్చేది. షేర్ ఆటో దిగి, స్టేషన్ అరుగు మీద కూర్చునేది. నేను ఎదురుపడితే లేచి నిలబడేది. "ఈయాల మళ్లీ ఓసారి సూత్తాను బాబూ. మొన్న సరిగా సూళ్లేదేమో." బుధవారం వస్తోందంటే మంగళవారం నుంచే నాకు అన్నం దిగేది కాదు. మా ఇంటావిడ ఒంట్లో బాగాలేదా అని అడిగేది. బాగానే ఉందనేవాణ్ని.

మేడమ్

విశాఖపట్నంలోని ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి ఒక సైంటిఫిక్ ఆఫీసర్ మేడమ్ అప్పుడప్పుడు మా ఆఫీసుకు తనిఖీకి వచ్చేవారు. నా సర్వీసులో చాలామంది పైఅధికారుల కింద పనిచేశాను. అరిచేవాళ్లకు నేనెప్పుడూ భయపడలేదు. అరుపు కాసేపట్లో అయిపోతుంది. ఈవిడ అరవరు. ఫోటో చూస్తారు, తరువాత మనల్ని చూస్తారు.

మసక ఫోటోను బాగుచేసే మార్గం ఏదైనా ఉందేమోనని ధైర్యం చేసి కాలువ ఫోటో ఆవిడ ముందు పెట్టాను. చాలాసేపు చూశారు.

"గడ్డి బాగా వచ్చింది మస్తాన్ గారూ."

నేను తల దించుకున్నాను.

"బాగుచేయడానికి ఏమీ లేదు. లెన్స్ పట్టుకోనిదాన్ని కంప్యూటర్ ఎక్కణ్నుంచి తెస్తుంది? ఊహించి పెడితే అది మీ అక్షరం అవుతుంది, అతని చేతి మీద అక్షరం కాదు. పైగా ఈ మూడూ పచ్చబొట్టు ఉన్న ముక్కను మాత్రమే చూపిస్తున్నాయి. మోచేతికి ఎంత దూరం, మణికట్టుకు ఎంత దూరం, ఏదీ తెలియదు. మొత్తం చెయ్యి ఒక్కటైనా ఎందుకు తీయలేదు?"

ఆవిడ ఒక చీపురు తెమ్మన్నారు. కుర్చీ చేతికి చిన్న కాగితం ముక్క అంటించి, దాని మీద సన్నటి అక్షరాలు వత్తులతో సహా రాశారు. ముందు చీపురు పుల్లలు అడ్డం పెట్టారు. తీయమన్నారు. బీప్. పుల్లలు వచ్చాయి.

"ఇప్పుడు లెన్స్ పక్కన ఉన్న స్విచ్ ఏ.ఎఫ్. నుంచి ఎం.ఎఫ్. మీదికి తొయ్యండి."

తోశాను. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి రింగు తిప్పాను, ఇక ఫోకస్ కెమెరాది కాదు, నా చేతిది. ఎటు తిప్పినా కుదరలేదు.

"అద్దాలు ఎన్నాళ్ల నుంచి పెట్టుకోవడం లేదు?" అన్నారు ఆవిడ.

అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. కళ్ల సంగతి చెప్పాను. దాంతోపాటు మూడు రోజుల సంగతీ బయటికి వచ్చేసింది. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఇది నాకు కాదు చెప్పాల్సింది" అన్నారు. అంతే. తరువాత పాఠం మొదలుపెట్టారు.

ఆ మధ్యాహ్నం నేర్చుకున్నదే మీకూ చెబుతున్నాను. వ్యూఫైండర్ పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది. లోపలి గీతలు, అంకెలు మీ కంటికి స్పష్టంగా కనిపించేదాకా దాన్ని ముందు తిప్పుకోండి. అది కుదరకపోతే మీరు సరైన ఫోకస్‌ను కూడా తప్పనుకుంటారు. దగ్గరి వస్తువుకు ట్రైపాడ్ వేసి, బొమ్మ వెనక తెర మీద కనిపించేలా లైవ్ వ్యూ పెట్టి, చదవాల్సిన అక్షరం మీదికి తెర మీది చిన్న చతురస్రాన్ని జరిపి పదింతలు పెద్దది చేయండి. తెర మీద ఎండ పడితే నల్లగుడ్డ కప్పుకోండి, నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. రింగు నెమ్మదిగా తిప్పండి. స్పష్టంగా కనిపించగానే ఆగకండి. దాటి వెళ్లి, మళ్లీ మసకబారడం చూసి, అప్పుడు వెనక్కి రండి. దాటితేనే అసలు చోటు ఎక్కడుందో తెలుస్తుంది. ట్రైపాడ్ వేసే చోటు లేకపోతే రింగును వదిలేసి, ఊపిరి బిగబట్టి, మీ ఒంటినే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ నాలుగైదు తీయండి. కొలత స్కేలును మచ్చ ఉన్న ఎత్తులోనే పెట్టండి. జూమ్ మారిస్తే మళ్లీ మొదటి నుంచి చూసుకోండి.

ఒకటి మాత్రం ఆవిడ చెప్పలేదు, నేనే నియమంగా పెట్టుకున్నాను. అక్షరమైనా అంకె అయినా ముందు నా కంటితో చదివేవాణ్ని. వత్తులతో సహా గట్టిగా పలికి, రాసేవాడి చేత రాయించేవాణ్ని. ఆ తరువాతే కెమెరా ఎత్తేవాణ్ని.

మర్నాడు పై అధికారి దగ్గరికి వెళ్లి అద్దాల సంగతి చెప్పాను. ఆయన ఫైలులోంచి తల ఎత్తి, "పెట్టుకోవయ్యా, ఎవరొద్దన్నారు?" అన్నారు. ఇన్నాళ్లూ నేను భయపడింది ఈ ఒక్క మాటకు.

కశింకోట దగ్గర సైకిలు

ఆ ఏడాదే వర్షాకాలంలో కశింకోట దగ్గర రోడ్డు మీద ఒక రైతును ఏదో బండి గుద్ది ఆగకుండా పోయింది. మనిషి అక్కడే పోయాడు. సైకిలు వెనక మడ్‌గార్డు మీద గుద్దిన బండిదే కావచ్చు, బియ్యపుగింజంత నీలిరంగు పెచ్చు అంటుకుని ఉంది. కదిపితే రాలిపోయేలా ఉంది. చుట్టూ మెరిసే రేకు. లెన్స్‌ను దానికి వదిలితే ముందుకూ వెనక్కూ గిరగిర తిరుగుతోంది, పట్టుకోవడం లేదు.

స్విచ్ తోశాను. నల్లగుడ్డ కప్పుకున్నాను. పదింతలు పెద్దది చేసిన తెర మీద నా గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తోంది, బొమ్మ అలా ఊగుతోంది. రింగు మీద వేలు పెట్టగానే తుంగపోచ గుర్తొచ్చింది. ఇది కూడా తప్పితే? ఈ రైతుకూ ఒక అక్క ఉంటే?

వెనక నుంచి అక్కడి అధికారి అరుపు. "ట్రాఫిక్ ఎక్కడిదాకా ఆగిపోయిందో తెలుసా? ఇంకెంతసేపయ్యా?"

"అయిదు నిమిషాలు సార్" అన్నాను. ఇరవై నిమిషాలు తీసుకున్నాను. వాన మొదలైంది. గొడుగు పట్టించుకున్నాను. అయిదు ఫోటోలు తీసి, అయిదూ అక్కడే పెద్దవి చేసి, అద్దాలు తుడుచుకుని చూసి లేచాను. కాళ్లు తిమ్మిరెక్కి పడబోయాను.

గుద్దిన లారీ దొరికింది, కేసు కోర్టుకు వచ్చింది. బోనులో నిలబడ్డప్పుడు ఎదుటి లాయరు గారు నవ్వుతూ అడిగారు.

"ఫోకస్ చేసింది మీరా, మీ కెమెరానా?"

"నేనే సార్. చేత్తో చేశాను."

"చెయ్యి తప్పు చేయదా?"

"చేస్తుంది సార్. అందుకే అయిదు తీశాను. అయిదూ మీ ముందున్నాయి."

ఆయన ఆ అయిదూ చూసి కూర్చున్నారు. బయటికి వచ్చాక అందరూ భుజం తట్టారు. ధైర్యంగా చెప్పావన్నారు. నా చొక్కా వెనక తడిసి ముద్దయి ఉంది. ఆ జవాబు ధైర్యంతో పుట్టింది కాదు.

సంతకం

నూకరత్నం విషయంలో మిగిలిన దారి ఒక్కటే. శవాన్ని తవ్వి తీసి, ఎముకను డీఎన్ఏ పరీక్షకు పంపి, ఆమె రక్తంతో సరిచూడాలి. దానికి ఆమె అర్జీ పెట్టుకుంటే పని కదులుతుందని అప్పారావు కాగితం రాసి పెట్టాడు. ఆమె అడగకపోతే ఆ ఫైలు కట్టను కదిలించేవాళ్లు ఎవరూ లేరు.

"ఇక్కడ నీ పేరు రాయమ్మా" అని పెన్ను ఇచ్చాడు.

ఆమె పెన్ను పట్టుకుంది. కాగితం మీద పెట్టింది. అక్కడ చిన్న చుక్క పడింది. పెన్ను వెనక్కి ఇచ్చేసింది.

"రాసేత్తే ఆడు సచ్చిపోయినట్టే గదా బాబూ."

"తెలుత్తాది గదమ్మా, ఏదో ఒకటి" అన్నాడు అప్పారావు.

"అదే బయం. ఈ ఫోటోలో కనపడ్డంలేదు గాబట్టే నేను ఇంటికెల్లి గెంజి తాగతన్నాను."

కాగితం అలాగే ఉండిపోయింది. ఆమె బుధవారాలు రావడం మానలేదు. కొన్నాళ్లకు అప్పారావు నాకో సంగతి చెప్పాడు. స్టేషన్ నుంచి ఆమె నేరుగా ఇంటికి పోవడం లేదట. ఆటో ఎక్కి శ్మశానానికి వెళ్లి, శవాన్ని పూడ్చిన ఆ మట్టిగుట్ట దగ్గర కాసేపు కూర్చుని పోతోందట. సంతకం పెట్టదు. కానీ ఏడవకుండానూ ఉండలేదు.

ఎన్నోసార్లు ఆమెకు నిజం చెబుదామని దగ్గరికి వెళ్లాను. 'నూకరత్నం, మూడు రోజులు టైముంది, నేను వెళ్లలేదు' అన్న మాట నోటిదాకా వచ్చేది. ఆమె లేచి నిలబడి "బాబూ" అనేది. మాట లోపలికి పోయేది.

అతను వచ్చాడు

ఆమె రావడం మొదలైన పదకొండో నెలలో ఒక రోజు, బుధవారం కాని రోజు, అప్పారావు ఫోనులో అరిచినంత పని చేశాడు.

"భాయ్, బేగి రా. ఆడొచ్చేడు!"

స్టేషన్ అరుగు మీద నూకరత్నం పక్కన బక్కపలచని మనిషి కూర్చుని ఉన్నాడు. ఒడిశాలో ఎక్కడో డ్యామ్ పనికి పోయాడట. ఫోను పోయిందట, కోపం తగ్గాక సిగ్గేసి రాలేదట. ఆమె అతని చొక్కా కొసను గుప్పిట్లో పట్టుకుని ఉంది, పారిపోతాడేమోనన్నట్టు.

"సూడు బాబూ" అంటూ అతని ఎడమ చెయ్యి నా ముందుకు లాగింది. నూకరతం. తా కింద వత్తు లేదు. అద్దాల్లోంచి అక్షరం అక్షరం చదివాను. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. పదకొండు నెలలుగా గుండె మీద కూర్చున్న బండ ఒక్కసారి లేచినట్టయింది. అందరికీ టీ తెప్పించాను. అప్పుడు, ఆ సంతోషంలో, చెప్పేశాను.

"నూకరత్నం, ఆ ఫోటో పాడైందని నాకు ఆ రోజే తెలుసు. శవం మూడు రోజులు ఇక్కడే ఉంది. వెళ్లి మళ్లీ తీసి ఉంటే నీకు ఇన్నాళ్లు ఈ బాధ ఉండేది కాదు. భయపడి వెళ్లలేదు."

ఆమెకు ఏ నష్టమూ లేదని తేలాక చెప్పాను. దీన్ని నిజాయితీ అనకండి.

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను. తమ్ముడి చొక్కా కొస వదిలి, మెల్లగా అడిగింది.

"మరయితే ఆడెవుడు బాబూ?"

లేచిన బండ మళ్లీ కూర్చుంది, ముందుకన్నా బరువుగా. ఇన్నాళ్లూ నాకు ఒక నూకరత్నమే కనిపించింది. ఎక్కడో ఇంకో మనిషి, ఏ స్టేషన్‌కు పోవాలో కూడా తెలియక, ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆమెకు తెలిసిన అక్షరాలు ఆ చేతి మీద ఉన్నాయి. నేను వాటిని చూశాను. చదవలేదు.

తరువాత నేనే వెంటపడితే, మేడమ్ సాయంతో, పై అధికారుల అనుమతితో ఆ శవాన్ని తవ్వి, ఎముక ముక్క పంపి, ఫలితం భద్రపరిచారు. సరిచూడ్డానికి ఎవరూ రాలేదు. నేను రిటైరయ్యే రోజుకీ ఎవరూ రాలేదు. ఫైలులో పేరు దగ్గర ఇప్పటికీ 'గుర్తు తెలియని' అనే ఉంది.

శవాన్ని మళ్లీ పూడ్చిన రోజు నేను శ్మశానంలోనే ఉన్నాను. పని అయిపోయి అందరూ వెళ్లాక నూకరత్నం వచ్చింది, తమ్ముణ్ని వెంటబెట్టుకుని. ఆకులో అన్నం, పప్పు, ఒక ఉల్లిపాయ. అప్పలరాజు చెంబుతో నీళ్లు పట్టుకుని విసుక్కుంటున్నాడు.

"మనకేటవుతాడని అప్పా? నేను బతికే ఉన్నాను గదా."

"పదకొండు నెల్లు నా తమ్ముడే అనుకుని ఏడిసేను. ఇప్పుడు ఎవుడూ కాదంటే ఎలాగ?"

ఆకు మట్టి మీద పెట్టింది. చేతులు జోడించబోయి ఆగి, నా వైపు చూసింది.

"పేరెట్టి పిలవాల గదా బాబూ. ఏటని పిలవను?"

నేను అద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాను. ఆమె గుట్ట వైపు తిరిగింది.

"ఎవులింటి బిడ్డవో నాకు తెలీదు నాయినా. నూకరత్నం పెడతంది. తిను."

అప్పలరాజు చెంబు వంచి ఆకు చుట్టూ నీళ్లు పోశాడు.